పునాది గుంతలు తవ్వించుకున్న అనుభవం: తిరుచానూరు వైపు ఒక తవ్వకం బృందం పనితీరు

తిరుపతిలో ఇల్లు కట్టే వాళ్లు సిమెంటు ఏది మంచిది, కమ్మి ఏది మంచిది అని పది మందిని అడుగుతారు. మన్ను ఎవరి చేత తవ్విస్తున్నారని మాత్రం ఎవరూ అడగరు. మేమూ అడగలేదు. జేసీబీ ఎవరిదైతేనేం, గుంత గుంతే కదా అనుకుని, తక్కువ ధర చెప్పిన వారికి పని అప్పగించాము. ఆ నిర్ణయం వల్ల ఇద్దరు కూలీల ప్రాణాల మీదికి వచ్చింది. ఆ తరువాత వచ్చి మా పనిని చక్కదిద్దిన రెండో బృందం ఎలా పని చేసిందో, ఎందుకు అలా చేసిందో, ఎక్కడ లోటు చేసిందో వివరంగా రాస్తున్నాను. ఆ బృందాన్ని నడిపే పెద్దాయనకు బోర్డు లేదు, దుకాణం లేదు. తన పేరు ఎక్కడా వేయవద్దని కోరారు కనుక పెద్దాయన అనే రాస్తాను. ఆయన ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల బావులు, సంపులు, పునాదులు తవ్విస్తున్న మనిషి.

ముందు మా స్థలం సంగతి చెప్పాలి. తిరుచానూరుకు పోయే దారిలో, స్వర్ణముఖి నదికి మరీ దూరం కాని కాలనీలో మాకు 266 గజాల స్థలం ఉంది. తూర్పు పక్కన పాతికేళ్ల కిందట కట్టిన మిద్దె ఉంది. దాని పునాది నాలుగు అడుగుల లోతు మించదు. మా ఇంజనీరు గీసిన ప్లాను ప్రకారం 14 స్తంభాలకు ఏడేసి అడుగుల లోతు గుంతలు, మంచినీళ్ల సంపుకు పది అడుగుల లోతు గుంత తవ్వాలి. నాలుగు స్తంభాలు, సంపు ఆ పాత మిద్దె ప్రహరీని ఆనుకునే వస్తాయి. పక్కవారి పునాది కన్నా మన గుంత లోతుగా పోతున్నదంటే ఆ ఇంటి బరువు మోసే మన్నును మనం పక్క నుంచి తీసేస్తున్నట్టే లెక్క అన్న సంగతి ఆనాడు మాకు తెలియదు. మొదటి కాంట్రాక్టరుకు తెలుసో తెలియదో గాని, మాతో ఆ మాట అనలేదు.

ఆయన 38,000 రూపాయలకు మొత్తం పని ఒప్పుకుని, 15,000 అడ్వాన్సు తీసుకుని, అక్టోబరు మొదటి వారంలో జేసీబీని పంపారు. తూర్పు పక్కన ఉన్న నాలుగు గుంతలూ సంపూ ఒకే రోజులో, గోడ కోసినట్టు నిలువుగా తవ్వేశారు. తవ్విన మన్నంతా గుంతల అంచునే కుప్ప పోశారు. పని ఇంత చురుగ్గా జరిగిందని ఆ సాయంత్రం మేము సంతోషించాము కూడా. మూడో రోజు రాత్రి రెండు గంటల పాటు వాన కురిసింది. తెల్లవారి ఇద్దరు కూలీలు గుంతలోకి దిగి, అడుగున వేసిన కాంక్రీటు బెడ్డు మీద ఫుటింగు మ్యాట్, అంటే స్తంభం పాదానికి వేసే కమ్మీల అల్లిక, కట్టడం మొదలుపెట్టారు. నిచ్చెన లేదు, కమ్మీల మీద కాళ్లు పెట్టి దిగారు. మధ్యాహ్నం అన్నానికి పైకి వచ్చి, వేపచెట్టు కింద క్యారియరు విప్పుకుంటూ ఉండగా, బస్తాలు దించినట్టు బొత్తుమని ఒక శబ్దం వినిపించింది. చూస్తే గుంత సగం లేదు. పన్నెండు అడుగుల మేర పక్కవారి ప్రహరీ కూడా మన్నుతో పాటు కిందికి జారిపోయింది. వారిద్దరూ పైకి వచ్చి పావుగంట కూడా కాలేదు.

ఘనమీటరు మన్ను ఒకటిన్నర టన్నుకు తక్కువ తూగదు, తడిసిన మన్ను రెండు టన్నుల దగ్గరికి పోతుంది. అంటే మంచం పట్టేటంత చోట రెండడుగుల ఎత్తున పడిన మన్ను ఒక చిన్న కారు కన్నా ఎక్కువ బరువే ఉంటుంది. తల బయటే ఉంది కదా, ఊపిరి ఆడుతుందిలే అని చాలామంది అనుకుంటారు. ఛాతీ దాకా మన్నులో కూరుకుపోయిన మనిషి ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ ఖాళీలోకి మన్ను సర్దుకుంటుంది, మళ్లీ రొమ్ము విచ్చుకోవడానికి చోటు ఉండదు. అలాంటి వారిని తాడు కట్టి లాగినా, కంగారులో జేసీబీ బకెట్టుతో తోడినా ప్రమాదం ఇంకా పెరుగుతుంది. వీటిలో చాలా సంగతులు నాకు పెద్దాయన చెప్పగా తెలిసినవే. ముప్పై మూడేళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన నేను, మన్ను బరువును గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు.

మొదటి కాంట్రాక్టరు మరునాటి నుంచి ఫోను ఎత్తలేదు. మా ఇంజనీరు సలహాతో పెద్దాయనకు కబురు పెట్టాము. ఆయన వచ్చి గుంత దగ్గరికి పోకుండా పది అడుగుల దూరంలోనే నిలబడి, అంచుకు సమాంతరంగా నేల మీద నెరిసిన ఒక సన్నని పగులును చూపించారు. "అయ్యోరూ, ఈ గీత దాటి ఎవురూ ముందుకు పోవద్దండి. ఈడి దాకా మన్ను ఇప్పటికే విడిపోయింది, జారే దానికి టైము కోసం చూస్తా ఉంది," అన్నారు. ఆ పగులు మేము అంతకు ముందు రోజు కూడా చూశాము, ఎండకు నెరిసిందనుకున్నాము. నిలువుగా కోసిన గుంత పక్కన, అంచుకు కొంత దూరంలో అలాంటి పగులు కనిపించిందంటే ఆ పగులుకూ అంచుకూ నడుమ ఉన్న మన్ను మొత్తం ఒక దిమ్మెగా కదలడానికి సిద్ధమైనట్టు.

ఎప్పుడు పని మొదలుపెడతారని అడిగాను. ఇప్పుడు తవ్వేది లేదు, పూడ్చేదే అన్నారు. నాకు కోపం వచ్చింది. తవ్వించడానికి డబ్బిచ్చి, పూడ్చడానికి మళ్లీ డబ్బు ఇవ్వడమేమిటని గట్టిగానే అన్నాను. ఆయన నెమ్మదిగా చెప్పిన సమాధానం ఇది: ఈ జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి, నది పక్క ఇసుక నేలలో నీటిమట్టం ఆ మూడు నెలలూ పైకి లేస్తుంది, పక్కన పునాది లోతు తక్కువగా ఉన్న మిద్దె ఉండగా తెరిచిన గుంతను అలాగే ఉంచితే పోయేది ప్రహరీ కాదు, మిద్దె. పద్మావతీ అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు జరిగే రోజుల్లో తిరుచానూరులో వాన ఎలా కురుస్తుందో మాకు తెలియనిది కాదు. 2021 నవంబరు వరదలు ఈ ఊరిలో ఎవరూ మరచిపోలేదు. ఒప్పుకున్నాము. ఆయన మనుషులు రెండు రోజుల్లో పక్క మిద్దె వైపు మన్నును పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి దిమ్మిస చేసి, ఆ వైపు వాలుగా సర్దారు. సంక్రాంతి పోయాక వస్తామని చెప్పి, 8,000 తీసుకుని వెళ్లిపోయారు. చేతికి వచ్చిన పనిని వద్దని, మూడు నెలలు ఆగమని చెప్పిన కాంట్రాక్టరును నేను చూడడం అదే మొదలు.

జనవరి చివరి వారంలో చెప్పిన మాట ప్రకారం వచ్చారు. తవ్వకానికి ముందు రెండు రోజులు నేలను చూడడానికే పెట్టారు. గడ్డపారతో, పలుగుతో నాలుగు చోట్ల చిన్న గుంతలు చేయించి, లోపలి నుంచి తీసిన పెళ్లలను విడివిడిగా పేర్చారు. పైపైన ఎండిన మన్నును ఆయన ముట్టనే లేదు. లోపలి పెళ్లను చేతిలో పెట్టుకుని బొటనవేలితో నొక్కారు. మొదటి మూడడుగుల మన్నులో వేలు సులువుగా దిగిపోయింది. అది ఎవరో ఎప్పుడో లేఔటు వేసేటప్పుడు పోసిన మన్ను, ఒకసారి తవ్వి పోసిన మన్నును ఎన్నటికీ నమ్మకూడదన్నారు. దాని కింది గోధుమరంగు మన్నును కాస్త తడిపి, అరచేతుల నడుమ రుద్ది దారంలాగా చేయబోయారు. పెన్సిలంత లావు ఉండగానే అది తునకలై రాలిపోయింది. జిగురు ఉన్న నేల అయితే అగ్గిపుల్లంత సన్నగా సాగుతుందని, ఇది సాగదు కనుక నిలువుగా నిలవదని చెప్పారు. ఏడడుగుల దగ్గర తడి ఇసుక, ఎనిమిదడుగుల దగ్గర నీళ్లు తగిలాయి. ప్రయోగశాలలో భూమి పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదు, మా ఇంజనీరు వేరుగా ఆ పరీక్ష కూడా చేయించారు. ఆ నివేదిక కాగితం మీద ఉంటుంది. గుంతలోకి మనిషి దిగే ఉదయాన, ఆనాటి మన్ను ఎలా ఉందో చూసి చెప్పేది మాత్రం ఈ చేతులే.

తిరుపతి నేలంతా ఒకటే కాదన్న సంగతి కూడా ఆయన వల్లనే బాగా అర్థమైంది. అలిపిరి, కపిలతీర్థం వైపు శేషాచలం కొండల పాదాన గుండ్రాళ్లు కలిసిన గట్టి నేల. అక్కడ గుంత నిలువుగా నిలిచినట్టే కనిపిస్తుంది గాని, పక్కల్లో ఇరుక్కున్న గుండ్లు మన్ను వదులైన రోజున ఊడి పడతాయి. తిరుమల ఘాట్ రోడ్డులో, కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్జైటు అనే గట్టి రాయి స్పష్టంగా కనిపించే చోటును భారత భూగర్భ సర్వే సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. ఆ రాతి కొండ పాదం నుంచి పది కిలోమీటర్ల లోపే స్వర్ణముఖి ఇసుక మొదలవుతుంది. కొండ పక్కన ఇరవై ఇళ్లకు తవ్వినవాడు నది పక్కన తొలి ఇంటికి తవ్వేటప్పుడు కొత్తవాడే. కాంట్రాక్టరును ఎన్నేళ్ల అనుభవం అని అడగడం కన్నా, ఈ కాలనీలో ఎన్ని గుంతలు తవ్వావు, ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి అని అడగడం మేలని నా అభిప్రాయం.

ఇక తవ్వకం. తూర్పు పక్క నాలుగు గుంతలనూ ఈయన ఒకేసారి తెరవలేదు. ముగ్గు పోసి, ఒకటో గుంత, మూడో గుంత మాత్రం తవ్వి, ఫుటింగు కాంక్రీటు వేయించి, పూడ్చి గట్టిపరచిన తరువాతనే రెండో దాన్నీ నాలుగో దాన్నీ ముట్టారు. పక్క మిద్దె పునాది బరువు ఏ రోజూ పూర్తిగా ఆధారం కోల్పోకుండా ఉండడానికి ఇదే దారి. దీని వల్ల పని వారం పది రోజులు సాగింది, కాంక్రీటు రెండు విడతలుగా వేయవలసి వచ్చింది. మాకు విసుగు కలిగిన మాట నిజమే. ఇప్పుడు ఆ మిద్దె గోడలో ఒక్క వెంట్రుకవాసి బీట కూడా లేదంటే కారణం ఆ పది రోజులే.

మిగిలిన పది గుంతలకు, చోటు ఉన్నది కనుక, పక్కలను వాలుగా తీయించారు. ఒక అడుగు లోతుకు ఒకటిన్నర అడుగుల వెడల్పు చొప్పున వాలు ఇవ్వడంతో తవ్వవలసిన మన్ను బాగా పెరిగింది. చోటు లేని తూర్పు వైపు మాత్రం సెంట్రింగు పలకలను నిలువుగా నిలిపి, వాటికి అడ్డంగా సర్వి (సరుగుడు) బాదులు కట్టి, ఎదురెదురు పక్కలకు జాకీలు బిగించారు. ఈ బిగింపులో ఒక వరుస ఉంది. పై జాకీ ముందు, కింది జాకీ తరువాత బిగిస్తారు. తీసేటప్పుడు పూడ్చుకుంటూ కింది దాన్ని ముందు, పై దాన్ని చివరన తీస్తారు. బిగించేవాడు ఎప్పుడూ అప్పటికే కాపు, అంటే మన్ను జారకుండా కట్టిన ఆసరా, ఉన్న చోటే నిలబడాలి. ఒక కుర్రవాడు తొందరలో కింది జాకీ కోసం కాపు లేని వైపు దిగబోతే, పెద్దాయన పని మొత్తం ఆపించి, అతణ్ణి పైకి రప్పించి, కూర్చోబెట్టి చెప్పారు. తిట్టలేదు. "నువ్వు దిగితే మీ అమ్మకు నేను జవాబు చెప్పాల," అన్నది మాత్రం నాకు వినిపించింది.

ఇదంతా ఆయన సొంతంగా కనిపెట్టినది కాదు. కేంద్ర ప్రజా పనుల శాఖ కాంట్రాక్టు పత్రాల్లో ఉండే భద్రతా నియమావళి చాలా కాలంగా ఇదే చెబుతున్నది. లోతు 1.5 మీటర్లు, అంటే అయిదు అడుగులు, దాటితే పక్కలను వాలుగా తీయాలి, లేదా కలపతో గట్టిగా కాపు కట్టాలి. తవ్విన మన్నును అంచుకు 1.5 మీటర్ల లోపు గాని, గుంత లోతులో సగం దూరం లోపు గాని పోయకూడదు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది పాటించాలి. 1.2 మీటర్లు దాటిన ప్రతి కందకంలోనూ, 30 మీటర్లకు ఒకటి చొప్పున, నేల పైకి 90 సెంటీమీటర్లు కనిపించేలా నిచ్చెన ఉండాలి. పై నుంచి కిందికే తవ్వాలి, అడుగున తొలిచి పైది కూల్చే పద్ధతి ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు. తవ్వకపు పనుల భద్రతకు భారతీయ ప్రమాణాల సంస్థది ప్రత్యేకంగా ఐఎస్ 3764 అనే ప్రమాణమే ఉంది. మొదటి కాంట్రాక్టరు వీటిలో ఒక్కటీ పాటించలేదని తరువాత ఒక్కొక్కటే పోల్చి చూసుకుంటే నాకు గుండె దడ పుట్టింది. పెద్దాయన ఈ నియమావళిని చదివి ఉండరు. ఆయనకు ఇవన్నీ అడుగుల లెక్కలో, మూరల లెక్కలో తెలుసు. నిచ్చెన గురించి ఆయన లెక్క ఇంకా కఠినం: ఏ మూల పని చేసేవాడైనా పది అంగల్లో నిచ్చెన అందుకోవాలి.

సంపు గుంత దగ్గర నేను చూసినది మరచిపోలేను. ఎనిమిదడుగుల దగ్గర నీళ్లు ఊరుతున్నాయి కనుక మోటారు పెట్టి తోడాలి. సాధారణంగా గుంతలో ఒక మూల మోటారు పడేసి తోడేస్తారు. ఈయన రెండువందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముకు చుట్టూ బెజ్జాలు వేయించి, దోమతెర గుడ్డ చుట్టించి, సంపు అడుగు కన్నా లోతుగా ఒక మూలన దింపి, దాని చుట్టూ కంకర పోయించి, మోటారును ఆ డ్రమ్ములో పెట్టించారు. తరువాత పైపు చివర ఒక గాజు గ్లాసు పట్టి నీళ్లు నింపి, ప్రహరీ మీద పెట్టి, పావుగంట కదపలేదు. పావుగంటకు గ్లాసు అడుగున వేలి గోరంత మందాన ఇసుక పేరింది. వెంటనే మోటారు ఆపించి, కంకర ఇంకా పోయించి, గుడ్డ ఇంకో చుట్టు చుట్టించి, మళ్లీ తోడించి, మళ్లీ గ్లాసు పట్టారు. మూడోసారికి అడుగున ఏమీ పేరలేదు. "నీళ్లు తేటగా వస్తా ఉంటే భయం లేదు అయ్యోరూ. ఇసుక కలిసి వస్తా ఉందంటే అది మన గుంతలోది కాదు, పక్క మిద్దె కింద నుంచి వచ్చేది," అన్నారు. ఆ రెండు రోజులూ మూడు గంటలకు ఒకసారి గ్లాసు పట్టడం ఆయన ఆపలేదు.

అదే సమయంలో పాత మన్నును చేతితో తీస్తుండగా, అక్టోబరులో పూడిపోయిన ఫుటింగు మ్యాట్ బయటపడింది. ఆ ఇద్దరు కూలీలలో ఒకరు కమ్మికి తగిలించి పోయిన తువ్వాలు మ్యాట్ కు అంటుకుని, మడత మడతగానే ఉంది. అది చూసి గుంతలో ఉన్నవారందరూ కాసేపు పని ఆపేశారు. కాపు కట్టడానికి ఎందుకింత కలప, ఎందుకింత ఖర్చు అని ఆ తరువాత నేను మళ్లీ అడగలేదు.

యంత్రం విషయానికి వస్తే, మన ఊళ్లలో తవ్వే యంత్రం ఏదైనా జేసీబీయే. అది 1945లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ ఇంగ్లండులో మొదలుపెట్టిన కంపెనీ పేరు, ఆయన పేరులోని మూడు మాటల మొదటి అక్షరాలు. చక్రాల జేసీబీ అంచున నిలబడి తవ్వుతుంది కనుక దాని బరువూ అదురూ అంచు మీదనే పడతాయి. ఈ బృందం డ్రైవరు పలకలు పరిచి, యంత్రం కాళ్లు వాటి మీద ఆనించి, తూర్పు ప్రహరీ వైపు నుంచి కాకుండా స్థలం నడుమ నుంచి చేయి చాపి తవ్వారు. గుంతలో మనిషి ఉన్నంతసేపు యంత్రం కదలలేదు, యంత్రం కదిలినంతసేపు గుంతలో మనిషి లేడు. బకెట్టు తిరిగే మేర చుట్టూ ముగ్గు గీత పోసి, ఆ గీత లోపలికి ఎవరూ రాకుండా చూడడానికి ఒక మనిషిని కేటాయించారు. మా మనవడు గీత దాటితే అతను చేయి ఎత్తాడు, బకెట్టు ఉన్నచోటనే ఆగింది. పక్కింటి కరెంటు సర్వీసు వైరు నేలలో నుంచి వస్తున్నదని అనుమానం రాగానే అక్కడ అయిదారు అడుగుల మేర యంత్రాన్ని పక్కన పెట్టి, పారలతో నెమ్మదిగా తీయించారు. వైరు అడుగున్నర లోతుననే ఉంది.

లోట్లు కూడా చెప్పాలి. వైర్లు, పైపుల విషయంలో ఆయన లైన్‌మన్‌ను, ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోవడంతోనే సరిపెట్టారు. తవ్వకానికి ముందు భూమిలోని లైన్ల యజమానులకు సమాచారం అందించడానికి కేంద్ర టెలికాం శాఖ తెచ్చిన కాల్ బిఫోర్ యూ డిగ్ అనే యాప్ 2023 మార్చి నుంచి ఉంది. ఆ సంగతి ఆయన వినలేదు, మా అబ్బాయి చెప్పినా ఆసక్తి చూపలేదు. ఇంత జాగ్రత్త గల మనిషి ఇక్కడ అశ్రద్ధ చేయకూడదు. ఎండ ముదిరే కొద్దీ కూలీలలో సగం మంది హెల్మెట్లు తీసి పక్కన పెట్టారు, ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు. గుంతలో ఉన్నవాడి నెత్తి మీద పిడికెడు రాయి పడినా చాలు కదా, దీనికి ఎండ సాకు కాదు. యంత్రం రెండు రోజులు చెప్పిన వేళకు రాలేదు, తొమ్మిదికి రావలసినది పదకొండున్నరకు వచ్చింది. టిప్పర్ల వల్ల వీధిలో పడిన మన్నును మేమే ఊడ్పించుకోవలసి వచ్చింది. బిల్లు డైరీ కాగితం మీద రాసి ఇచ్చారు. అడిగితే గాని వివరం వేయలేదు.

ఆ వివరం ఇది. జేసీబీ 22 గంటలు, గంటకు 1,300 చొప్పున 28,600. పలకలు, బాదులు, జాకీల అద్దె, కట్టుబడి కలిపి 18,000. మోటారు, డీజిలు 9,500. చేతితో తవ్వకానికి 12 మనిషి-దినాలు, 900 చొప్పున 10,800. మొత్తం 66,900 రూపాయలు. మొదటి వారు చెప్పిన 38,000తో పోలిస్తే ఇది చాలా ఎక్కువగానే కనిపిస్తుంది. అయితే మొదటి వారికి ఇచ్చిన అడ్వాన్సు 15,000, పూడ్చడానికి 8,000, పక్కవారి ప్రహరీ తిరిగి కట్టించడానికి 42,000 కలిపితే 65,000. దానికి మాకు దక్కినది ఏమీ లేదు. ఒక మంచి సంగతి ఏమిటంటే మన్నును పెద్దాయన టిప్పరు లోడ్ల లెక్కన కాక గుంతలోని కొలత లెక్కన చూశారు. తవ్విన మన్ను పొంగి, గుంతలో ఉన్నప్పటి కన్నా నాలుగో వంతు వరకు ఎక్కువ చోటు పడుతుంది కనుక, లోడ్ల లెక్కకు ఒప్పుకున్నవారు లేని మన్నుకు డబ్బు కట్టినట్టే.

రాత్రిళ్ల జాగ్రత్తకు ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. పని ముగిసిన ప్రతి సాయంత్రం గుంతల చుట్టూ సర్వి కర్రలు పాతి, ఆకుపచ్చ వల కట్టి, వీధి వైపు ఒక బల్బు వెలిగించి, నిచ్చెనలను పైకి తీసి పెట్టి వెళ్లేవారు. తెల్లవారగానే ఎవరూ రాకముందే ఆయన ఒక్కరే వచ్చి అంచులన్నీ చూసుకునేవారు. ప్రహరీ పక్కన ఒక చోట సన్నని పగులు కనిపిస్తే, దానికి ఇటొకటి అటొకటి మేకులు కొట్టి, నడుమ దూరాన్ని టేపుతో కొలిచి డైరీలో రాసుకున్నారు. ఉదయం, సాయంత్రం కొలత మారలేదని తేలాకనే ఆ వైపు మనుషులను దింపారు. బృందంలో అందరికీ తెలిసిన ఇంకో నియమం, ఒకరి మీద మన్ను పడితే రెండోవాడు వెంటనే దూకకూడదన్నది. ముందు 108కి, 101కి ఫోను చేయాలి, పక్కలకు కాపు వేయాలి, ఆ తరువాతనే చేతులతో తీయాలి. ఇది వినడానికి కఠినంగా ఉంటుంది, కాని జారిన పక్క మళ్లీ జారుతుంది.

పాతికడుగుల పిట్టగోడకు రెండడుగుల కందకం తవ్వించుకునే వారికి ఇంత ఏర్పాటు అవసరం లేదు, దొరికిన జేసీబీ చాలు. లోతు అయిదడుగులు దాటేవారు, నది పక్కన కట్టేవారు, పక్కన పాత మిద్దె ఉన్నవారు, సంపు గాని సెల్లారు గాని తవ్వించేవారు మాత్రం ఇలాంటి పనివారి కోసం వెతకవలసిందే. పెద్దాయన పని నాణ్యతకు అయిదుకు నాలుగున్నర ఇస్తాను. హెల్మెట్ల విషయంలో ఊరుకున్నందుకు ఆ అర తగ్గించాను.

పని అయిపోయిన తొమ్మిది నెలలకు, నవంబరు వానల్లో, పిలవకుండానే ఒకసారి వచ్చారు. గడ్డపారతో ప్రహరీ వెంట పూడ్చిన మన్నును పొడిచి చూసి, ఒక మూల రెండు అంగుళాలు కుంగితే మన్ను పోయించి, నేరుగా సంపు మూత తీసి చూశారు. అది ఖాళీగా ఉంది, కడిగించాలని మేమే తోడించాము. వెంటనే ట్యాంకరు తెప్పించి నింపించమన్నారు. 2021 నవంబరులో ఇదే ఊరిలో, శ్రీకృష్ణానగర్‌లో, ఒక ఇంట్లో భూమిలోని సిమెంటు రింగుల నీళ్ల తొట్టి, శుభ్రం చేస్తుండగా, చుట్టూ ఊరిన నీటి ఒత్తిడికి ఉన్నపళంగా పైకి లేచింది. ఆ రోజుల్లో ఊరంతా దాన్ని చూడడానికి పోయింది. మా సంపు పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల లోతు. చుట్టూ నీళ్లు నిండితే దాన్ని పైకి తోసే బలం 18 టన్నులు. లెక్క నేను కాగితం మీద వేసుకున్నాను. ఆయన వేయలేదు, మూత దగ్గరే కూర్చుని ట్యాంకరు వచ్చేదాకా కదలలేదు. పని కావలసిన వారు సంక్రాంతికి ముందే మాట్లాడుకోవాలని, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పూడ్చే పని తప్ప తవ్వే పని ఒప్పుకోనని ఆ రోజే మళ్లీ చెప్పారు.